బ్రోచరు మీద పెద్ద పేరుంటే సరిపోతుందా?

తెలివైన పిల్లలకు వేసవి చదువుల క్యాంపు ఎంచుకునే ముందు...

సంక్రాంతి వెళ్లిందంటే అమెరికాలోని మన ఇళ్లలో ఇంకో హడావుడి మొదలవుతుంది. అదే వేసవి క్యాంపుల వేట! బయట మోకాళ్ల లోతు మంచు. లోపల డైనింగ్ టేబుల్ మీద మాత్రం జూలై నెల కేలెండర్ పరిచి ఉంటుంది. వీకెండ్ పార్టీల్లో వీసాల కబుర్లు, ఇళ్ల ధరల కబుర్లు అయ్యాక మాట మెల్లగా అటే మళ్లుతుంది. "మీ వాణ్ణి ఈసారి ఎక్కడికి పంపుతున్నారండీ?" అని ఒకరు అడుగుతారు. ఎదుటివారు ఓ పెద్ద యూనివర్సిటీ పేరు చెబుతారు. అంతే! ఆ రాత్రి ఇంటికి వెళ్లగానే నాలుగైదు కుటుంబాలు ల్యాప్‌టాప్ తెరిచి అదే పేరు వెతుకుతాయి.

ఈత, సాకర్, బొమ్మలు వేయడం లాంటి క్యాంపులైతే ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. ఇంటికి దగ్గరగా ఉందా, ఫీజు అందుబాటులో ఉందా చూసి చేర్పించేయొచ్చు. చిక్కల్లా, క్లాసులో పాఠం మొదలయ్యేసరికే అది వచ్చేసి ఉండే పిల్లలతో. ఇక్కడి స్కూళ్లు వాళ్లకు 'గిఫ్టెడ్' అని ముద్ర వేస్తాయి. మన ఊళ్లలో అయితే ఏకసంథాగ్రాహి అనేవారు. నిజానికి రెండూ ఒకటి కాదు. ఒక్కసారి విని అప్పజెప్పడం జ్ఞాపకశక్తి. ఇక్కడివాళ్లు చూసేది, పిల్ల తన వయసుకు రెండు మూడేళ్లు ముందున్న పాఠం అర్థం చేసుకుని, దాని మీద ప్రశ్న వేయగలుగుతోందా అని.

అలాంటి పిల్లలకు స్కూల్లో రెండు కష్టాలు. ఒకటి విసుగు, రెండోది ఒంటరితనం. విసుగు మన కంటికి కనిపిస్తుంది. ఒంటరితనం గురించి పిల్లలు నోరు విప్పరు. న్యూజెర్సీలో ఉంటున్న మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి ఏడో తరగతి. మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లలంతా గుంపులుగా కూర్చుంటే తను పుస్తకం పట్టుకుని ఓ మూల కూర్చుంటుందని టీచరు చెప్పేదాకా మాకు తెలియదు. "ఎందుకమ్మా?" అని అడిగితే, "నేను మాట్లాడేది వాళ్లకు బోరు నాన్నా" అంది. ఆ మాట విన్నాక క్యాంపు గురించి మేం ఆలోచించే పద్ధతే మారిపోయింది. ఎంత సిలబస్ పూర్తి చేస్తారన్న సంగతి అలా ఉంచి, తను మాట్లాడితే వినేవాళ్లు అక్కడ ఉంటారా అని వెతకడం మొదలుపెట్టాం.

స్కేలు చాలని కొలత

ఈ క్యాంపులన్నిటికీ ఒక మూలకథ ఉంది. 1968 వేసవిలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్ జూలియన్ స్టాన్లీకి జోసెఫ్ బేట్స్ అనే పన్నెండేళ్ల కుర్రాడు తారసపడ్డాడు. స్కూలు చదువు వాడికి ఆనలేదు. అప్పటికే యూనివర్సిటీలో కంప్యూటర్ కోర్సులో కూర్చుంటున్నాడు. స్టాన్లీ గారు వాడికి, కాలేజీలో చేరబోయే పెద్దపిల్లలు రాసే శాట్ పరీక్ష పెట్టించి చూశారు. ఫలితం చూసి పదమూడేళ్లకే వాణ్ణి డిగ్రీలో చేర్చుకున్నారు.

స్టాన్లీ చేసిన ఆలోచన చాలా సులువైనది. ఏడో తరగతి పిల్లలకు ఏడో తరగతి పరీక్షే పెడితే తెలివైన వాళ్లందరికీ నూటికి తొంభై తొమ్మిది వస్తుంది. వాళ్లలో వాళ్లకున్న తేడా తెలియదు. మూడడుగుల స్కేలు పెట్టి ఆరడుగుల మనుషుల్ని కొలిచినట్టే. అందుకని పైతరగతుల పరీక్ష పెట్టాలి. ఆయన 1971లో ఈ అధ్యయనం మొదలుపెట్టి, 1972లో బాల్టిమోర్ ప్రాంతం పిల్లలకు మొదటిసారి ఇలాంటి పరీక్ష జరిపారు. దానిలోంచే 1979లో సెంటర్ ఫర్ టాలెంటెడ్ యూత్ పుట్టింది. మనవాళ్లు 'సీటీవై' అనేది దీన్నే. రెండో తరగతి నుంచే పిల్లలు పరీక్ష రాసి చేరవచ్చు. గూగుల్ స్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్, ఫేస్‌బుక్ జకర్‌బర్గ్, గాయని లేడీ గాగా కూడా చిన్నప్పుడు ఇక్కడి కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లే. (ఈ మాట చదివి వెంటనే క్రెడిట్ కార్డు తీయకండి. వాళ్లు క్యాంపు వల్ల అంతవాళ్లయ్యారని ఎవరూ చెప్పలేదు!)

సీటీవై తరహా క్యాంపుల్లో మూడు వారాల పాటు ఒకే ఒక్క సబ్జెక్టు చెబుతారు. తర్కశాస్త్రం కావచ్చు, జన్యుశాస్త్రం కావచ్చు, వ్యాసరచన కావచ్చు. స్కూల్లో ఏడాది పొడవునా గంట గంటగా చెప్పేదాన్ని అక్కడ రోజంతా నానబెడతారు. మా ఎరికలో పిల్లలు తిరిగి వచ్చాక చెప్పే కబుర్లలో మాత్రం సబ్జెక్టు సగమే. మిగతా సగం, రాత్రి పదింటిదాకా రూమ్మేటుతో చేసిన వాదనలు. తమలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలియడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

షికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో 1982 నుంచి ఇలాంటి కేంద్రమే నడుస్తోంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు ఎక్కువగా నమ్ముకున్న డ్యూక్ టిప్ 1980లో మొదలై, 2020లో కొవిడ్‌తో వేసవి క్యాంపులు ఆగిపోయాక మళ్లీ తెరుచుకోలేదు. మీ అన్నయ్య పిల్లలు పదేళ్ల కిందట వెళ్లారు కదా అని అదే పేరు పట్టుకుని వెతక్కండి. పెద్ద సంస్థ అయినంత మాత్రాన అంతా సాఫీగా సాగుతుందన్న హామీ కూడా లేదు. 2022 వేసవిలో సీటీవై తగినంత సిబ్బంది దొరక్క కొన్ని చోట్ల క్యాంపుల్ని చివరి క్షణంలో రద్దు చేసింది. విమానం టికెట్లు కొనుక్కుని, సెలవులు పెట్టుకుని, బట్టలు సర్దుకున్న కుటుంబాలు అవి. అందుకే ఫీజు కట్టేముందు వాపసు నిబంధనలు చదవాలి. క్యాంపు మీరు మానుకుంటే ఎంత తిరిగిస్తారన్నది అందరూ చూస్తారు. వాళ్లే రద్దు చేస్తే టికెట్ల ఖర్చు ఎవరిది అన్నది ఎవరూ చూడరు.

బంగారు ముద్ర ఉత్తరం

ఓ రోజు మా ఇంటికి మందపాటి కవరు వచ్చింది. లోపల దళసరి కాగితం, బంగారు రంగు ముద్ర, మా అమ్మాయి పేరు అచ్చులో. 'దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన కొద్దిమంది విద్యార్థుల్లో ఒకరిగా మీరు నామినేట్ అయ్యారు' అని సారాంశం. అమ్మాయి గంతులేసింది. విజయవాడలో ఉన్న అమ్మమ్మకు ఫోనులో చదివి వినిపించాం కూడా. ఆవిడ నాలుగైదు ఇళ్లలో చెప్పుకుంది. రెండో పేజీలో ఫీజు ఉంది. పది రోజుల క్యాంపుకు మా రెండు నెలల ఇంటి అద్దె!

ఫోన్ చేసి, "మా అమ్మాయిని ఎవరు నామినేట్ చేశారు?" అని అడిగాం. సూటిగా జవాబు రాలేదు. "ఏ పరీక్ష, ఏ మార్కులు చూసి ఎంపిక చేశారు?" అంటే, సీట్లు త్వరగా నిండిపోతున్నాయన్నారు. అక్కడితో మాకు అర్థమైపోయింది. తర్వాత వాకబు చేస్తే మా వీధిలోనే ఇంకో ముగ్గురు పిల్లలకు అదే కవరు వచ్చింది. వాళ్లలో ఒకడికి చదువంటే పడదు పాపం, వాడి లోకమంతా బేస్‌బాల్.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వేసవిలో యూనివర్సిటీల హాస్టళ్లు ఖాళీగా ఉంటాయి. వాటిని బయటి కంపెనీలు అద్దెకు తీసుకుని క్యాంపులు పెడతాయి. బ్రోచరు మీద ఆ యూనివర్సిటీ గోపురం ఫొటో వేస్తారు, చిరునామా కూడా అదే. పాఠం చెప్పేది మాత్రం ఆ యూనివర్సిటీ వాళ్లు కారు. అద్దె గదుల్లో పెట్టే క్యాంపులన్నీ దండగని మేం అనడం లేదు, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ 'అక్కడ క్యాంపు చేస్తే రేపు అక్కడే సీటు వస్తుంది' అనుకుని కట్టే ఫీజు మాత్రం గంగలో పోసినట్టే. డబ్బు కట్టిన వాళ్లందరికీ తలుపు తీసే క్యాంపు, అడ్మిషన్ల వాళ్ల దృష్టిలో మీ ఇంటి ఆదాయం గురించి చెబుతుందే తప్ప పిల్ల గురించి ఏమీ చెప్పదు.

కాబట్టి ఏ క్యాంపు వాళ్లతోనైనా ముందు అడగాల్సింది ఒక్కటే: మా పిల్లను దేన్ని చూసి తీసుకుంటారు? దీనికి వచ్చే జవాబులోనే సగం సంగతి తేలిపోతుంది. పరీక్ష, టీచరు ఉత్తరం, పిల్ల సొంతంగా రాసిన జవాబులు... ఏదో ఒకటి చూస్తామని చెప్పాలి. ఏమీ చూడని చోట క్లాసులో కూర్చునేవాళ్లు ఎవరో మీకు తెలియదు, చెప్పే మాస్టారికీ తెలియదు.

ఇరవై మూడు డాలర్ల కథ

లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు అమెరికాలో ఉన్న అదృష్టం ఇంకెక్కడా లేదేమో. ఆర్నాల్డ్ రాస్ అనే ప్రొఫెసర్ 1957లో నోటర్‌డామ్‌లో మొదలుపెట్టి, 1964లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి మార్చిన రాస్ ప్రోగ్రామ్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ చదువుకున్నవాళ్లే 1989లో బోస్టన్ యూనివర్సిటీలో 'ప్రామిస్' పెట్టారు. ఈ రెండూ ఆరేసి వారాలు. హైస్కూలు పిల్లలకు. 1993లో మొదలైన మ్యాథ్‌క్యాంప్ ఐదు వారాలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి. ఇంకా చిన్నవాళ్లకు, అంటే మిడిల్ స్కూలు పిల్లలకు, 2002లో మొదలైన మ్యాథ్‌పాత్ ఉంది.

వీటిలో చేరడానికి మార్కుల జాబితాలు పనికిరావు. చలికాలంలో వాళ్లు కొన్ని లెక్కలు ఇస్తారు. వారాల తరబడి టైము ఉంటుంది. పిల్ల కూర్చుని ఆలోచించి, ఎలా చేసిందో మాటల్లో వివరించి పంపాలి. అన్నీ చేయనక్కర్లేదు. ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో రాసినా చదువుతారు.

ఇలాంటి క్యాంపు మీ పిల్లకు నప్పుతుందా అన్నది తెలుసుకోవడానికి మా ఇంట్లో వాడిన చిట్కా ఒకటి చెబుతాం. ఖర్చు లేని పరీక్ష. ఓ దుకాణంలో ఐదు డాలర్ల కూపన్లు, ఏడు డాలర్ల కూపన్లు మాత్రమే తీసుకుంటారు. చిల్లర తిరిగి ఇవ్వరు. అలాంటప్పుడు పన్నెండు డాలర్లు కట్టగలం. పదమూడు కట్టలేం. సరే, మనం కచ్చితంగా కట్టలేని మొత్తాల్లో అన్నిటికన్నా పెద్దది ఎంత?

కాగితం మీద వేసుకుంటూ పోతే పది నిమిషాల్లో జవాబు వస్తుంది. ఇరవై మూడు. ఇరవై నాలుగు నుంచి ఎంతైనా కట్టేయొచ్చు. కొందరు పిల్లలు జవాబు చెప్పేసి, "నెక్స్ట్?" అంటారు. ఇంకొందరు అక్కడే ఆగిపోతారు. "ఇరవై మూడే ఎందుకు?" అంటారు. అప్పుడు నాలుగు డాలర్ల, తొమ్మిది డాలర్ల కూపన్లతో చేసి చూడమనండి. మళ్లీ ఇరవై మూడే! మూడు, పదమూడుతో చేస్తే? అదీ ఇరవై మూడే! ఇక రెండు, ఇరవై ఐదు అయితే చెప్పనే అక్కర్లేదు. ఈపాటికి ఆ పిల్ల భోజనానికి పిలిచినా రాదు. రెండు అంకెల్లోంచీ ఒక్కొక్కటి తీసేసి హెచ్చిస్తే ప్రతిసారీ ఇరవై నాలుగు వస్తోందని, కట్టలేనిది దానికన్నా ఒకటి తక్కువని కనిపెట్టడానికి మా అమ్మాయికి మూడు రోజులు పట్టింది. ఆరు, ఎనిమిది కూపన్లతో ఈ సూత్రం ఎందుకు పనిచేయదో కనిపెట్టడానికి ఇంకో రెండు రోజులు. (రెండూ సరిసంఖ్యలైతే బేసి మొత్తాలేవీ కట్టలేం కదా!)

"నెక్స్ట్?" అనే పిల్ల తక్కువదేమీ కాదు. ఆ వేగం, ఆ పోటీతత్వం ఉన్నవాళ్లకు ఒలింపియాడ్ తరహా శిక్షణ ఇచ్చే క్యాంపులు వేరే ఉన్నాయి. టెక్సస్‌లో 2006లో మొదలైన ఆసమ్‌మ్యాథ్ అలాంటిదే. అక్కడ వాళ్లు వెలిగిపోతారు. అదే పిల్లను తీసుకెళ్లి ఆరు వారాలు అంకెల వెనక గుట్టు తవ్వే క్యాంపులో కూర్చోబెడితే మొదటి వారంలోనే "నన్ను తీసుకెళ్లిపొండి" అంటుంది. ఐదు రోజులు ఒకే లెక్క పట్టుకుని వేలాడే పిల్లను స్టాప్‌వాచ్ పెట్టే క్యాంపులో వేస్తే తనకు తెలివి లేదనుకుని ముడుచుకుపోతుంది. రెండు చోట్లా డబ్బు పోవడం సరే, పిల్లకు లెక్కల మీదున్న ఇష్టం పోతుంది. అది మళ్లీ కొనుక్కునే వస్తువు కాదు.

ఇక్కడ మనవాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ ప్రవేశ లెక్కల్ని మీరు చేసి పెట్టకండి. మనలో చాలామందిమి ఇంజనీర్లం. ఎంసెట్‌లూ, ఐఐటీ కోచింగులూ దాటి వచ్చినవాళ్లం. లెక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. "కాస్త దారి చూపిస్తున్నానంతే" అంటూ మొదలై, రాత్రి పన్నెండింటికి తండ్రి టైపు చేస్తూ ఉంటాడు. పక్కనే పిల్ల నిద్రపోతూ ఉంటుంది. వేరేవాళ్ల సాయం తీసుకోకూడదని ఆ క్యాంపులు ముందే చెబుతాయి. ఆ రూలు సంగతి పక్కన పెట్టినా, మీ తెలివితో సీటు తెచ్చుకున్న పిల్ల అక్కడికి వెళ్లి వారాల తరబడి ఏం చేస్తుంది? చుట్టూ ఉన్నవాళ్లంతా సొంతంగా చేసి వచ్చినవాళ్లు. మొదటి రోజే తేడా తెలిసిపోతుంది. అది తెలిసేది పిల్లకే, మీకు కాదు.

లెక్కలు రాకపోతే తెలివి లేనట్టా?

మన ఇళ్లలో ఒక వింత ఉంది. పిల్ల కథలు రాస్తుంది, చరిత్ర పుస్తకాలు నమిలేస్తుంది. అయినా వేసవి వచ్చేసరికి కోడింగ్ క్యాంపులో తేలుతుంది. తెలివి అంటే లెక్కలూ కంప్యూటరూ మాత్రమే అన్నది మనం వెంట తెచ్చుకున్న సామానులో ఒకటి. టెల్యురైడ్ అసోసియేషన్ అనే సంస్థ 1954 నుంచి హైస్కూలు పిల్లలకు వేసవి సెమినార్లు నడుపుతోంది. సాహిత్యం, చరిత్ర, సమాజం లాంటి విషయాల మీద చదివి, రాసి, వాదించుకోవడమే అక్కడి పని. ఫీజు లేదు, బసా భోజనమూ ఉచితమే. ప్రవేశానికి మాత్రం వ్యాసాలు రాయాలి. చాలా వ్యాసాలు! మనవాళ్లలో ఈ పేరు విన్నవాళ్లు మాకు ఇద్దరే కనిపించారు.

ఆకాశం చూసే పిల్లలకు సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్ ఉంది. 1959 నుంచి నడుస్తోంది. ఖగోళశాస్త్రం తీసుకున్న పిల్లలు భూమికి దగ్గరగా తిరిగే ఒక గ్రహశకలాన్ని రాత్రుళ్లు టెలిస్కోపుతో ఫొటోలు తీసి, అది తిరిగే దారిని సొంతంగా లెక్కగడతారు. క్వాల్‌కామ్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఫ్రాంక్లిన్ ఆంటోనియో కుర్రతనంలో ఈ క్యాంపుకే వెళ్లారు. 2022లో ఆయన పోయాక వీలునామా చూస్తే, ఆ క్యాంపుకు 20 కోట్ల డాలర్లు రాసి ఉంచారట! ఒక వేసవి ఆ మనిషిని ఎంతగా పట్టుకుందో చూడండి.

డబ్బు, వీసా, అమ్మమ్మ

ఇంటికి దూరంగా ఉంచే మంచి క్యాంపు ఏదైనా వేల డాలర్ల మాటే. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో అది తేలిక కాదు. అలాగని వదులుకోనక్కర్లేదు. ప్రవేశ లెక్కలిచ్చే గణితం క్యాంపులు ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. ప్రామిస్ అయితే ఆదాయం తక్కువున్న కుటుంబాలకు పూర్తిగా ఉచితం. అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. 'మనం అడుక్కోవడమేమిటి' అనుకుంటారు. అది దానం కాదు, ఆ క్యాంపులు అందుకోసమే డబ్బు పోగుచేసి పెట్టుకుంటాయి. 1984లో మొదలై ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు అసలు ఫీజే లేదు. కాకపోతే అది పదకొండో తరగతి పిల్లలకు, పోటీ విపరీతం. గడువు కూడా చలికాలం మొదట్లోనే అయిపోతుంది.

మనవాళ్లు దాదాపు పట్టించుకోనివి గవర్నర్స్ స్కూళ్లు. 1963లో నార్త్ కరోలినాలో మొదలైన పద్ధతి ఇది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. పెన్సిల్వేనియాలో ఉన్న సైన్స్ గవర్నర్స్ స్కూలు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జరుగుతుంది. మా న్యూజెర్సీలో ఇంజనీరింగుది రట్గర్స్‌లో. ఆ రాష్ట్రంలో ఉండే హైస్కూలు పిల్లలకే అవకాశం. కొన్నిచోట్ల స్కూలే పేరు పంపాలి. అందుకని శరదృతువులోనే కౌన్సిలర్‌ను కలిసి అడిగి పెట్టుకోవాలి. జనవరి, ఫిబ్రవరిలో అడిగితే "అయిపోయింది" అంటారు.

పన్నుల దగ్గర ఒక చిన్న సంగతి. పదమూడేళ్లు నిండని పిల్లల్ని పగటి క్యాంపుకు పంపితే, ఆ ఖర్చును పిల్లల సంరక్షణ పన్ను రాయితీలో చూపించుకోవచ్చు. ఒక్కరికైతే 3,000 డాలర్లు, ఇద్దరు, అంతకు మించి ఉంటే 6,000 డాలర్ల ఖర్చు దాకా. రాత్రి అక్కడే ఉంచే క్యాంపు ఖర్చు దీనికి పనికిరాదు. ఇంకో మెలిక, భార్యాభర్తలిద్దరూ పని చేస్తూనో, పని వెతుక్కుంటూనో, లేదా ఒకరు ఫుల్‌టైమ్ చదువుతూనో ఉండాలి. హెచ్4 మీద ఇంట్లో ఉన్నవాళ్లున్న కుటుంబానికి ఇది వర్తించకపోవచ్చు. మీ ట్యాక్స్ ఆయన్ని ఒకసారి అడగండి.

హెచ్4 పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. యూనివర్సిటీలు, సొసైటీలు నడిపే క్యాంపుల్లో చాలావాటికి వీసాతో పని లేదు. ప్రభుత్వ ల్యాబులు హైస్కూలు పిల్లలకు పెట్టే రీసెర్చ్ కార్యక్రమాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. నేవీ ల్యాబుల్లోని అప్రెంటిస్ కార్యక్రమం అలాంటిదే. పైగా వేసవికి జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్ ఏదైనా హెచ్4 పిల్లలు చేయకూడదు. ఇక్కడే పుట్టిన స్నేహితురాలికి వచ్చి తనకు ఎందుకు రాదో పదహారేళ్ల పిల్లకు చెప్పడం ఎంత కష్టమో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. వ్యాసాలు రాసి, ఆశలు పెట్టుకుని, చివర్లో ఆ ఒక్క గడి దగ్గర ఆగిపోవడం కన్నా, ముందే అర్హతలు చదివి పిల్లతో మాట్లాడటం నయం.

అలాగే స్టాంపింగ్. జూన్‌లో ఇండియా వెళ్లి పాస్‌పోర్టు మీద వీసా ముద్ర వేయించుకుని, జూలై మొదట్లో క్యాంపుకు వచ్చేద్దాం అని లెక్కలు వేసుకుంటారు కొందరు. కాన్సులేట్ మీ లెక్క ప్రకారం నడవదు. ముందు క్యాంపు, తర్వాతే ఇండియా పెట్టుకోండి. అప్పటికి ఆంధ్రాలో, తెలంగాణలో బడులు తెరిచేసి బావలూ వదినలూ ట్యూషన్లలో ఉంటారు, అది మాత్రం తప్పదు.

ఇంగ్లండ్, గల్ఫ్ దేశాల్లో ఉన్న మనవాళ్లు పిల్లల్ని అమెరికా దాకా పంపనక్కర్లేదు. ప్రామిస్ వాళ్లే ఆక్స్‌ఫర్డ్‌లో 2015 నుంచి ప్రామిస్ యూరప్ నడుపుతున్నారు. బెంగళూరులో ఐఐఎస్సీలో ప్రామిస్ ఇండియా వచ్చింది. దుబాయ్ నుంచి సెలవులకు ఎలాగూ ఇంటికి వెళ్లే కుటుంబాలకు అది దారిలోనే ఉన్నట్టు.

ఇక అసలు పరీక్ష మా ఇంట్లో అమ్మమ్మ దగ్గర. "పన్నెండేళ్ల ఆడపిల్లను నెల రోజులు ముక్కూ మొహం తెలియని చోట వదిలేస్తారా ఏమిటే?" అని ఆవిడ కూతురి మీద కేకలేశారు. ఆవిడ అడిగినవి తీసిపారేసే ప్రశ్నలు కావు. రాత్రుళ్లు హాస్టల్ అంతస్తులో పెద్దవాళ్లు ఎవరుంటారు? ఎంతమంది పిల్లలకు ఒకరు? పనివాళ్ల పూర్వాపరాలు చూస్తారా? జ్వరమొస్తే ఎక్కడికి తీసుకెళతారు? ఇవే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని క్యాంపులకు ఫోన్ చేశాం. ఒక చోట నుంచి "అంతా మేం చూసుకుంటాం" అని మాత్రమే వచ్చింది. దాన్ని కొట్టేశాం. ఇంకో చోట వాళ్లు అరగంట ఓపిగ్గా చెప్పి, కిందటేడు వెళ్లిన ఒక కుటుంబంతో మాట్లాడించారు. మా అమ్మాయి ప్రవేశ లెక్కలు పంపింది ఆ రెండో దానికే. ఆరింటిలో నాలుగు చేసింది. ఐదోదానిలో ఎక్కడ ఆగిపోయిందో ఒకటిన్నర పేజీ రాసింది.

మార్చి చివర్లో సీటు వచ్చిందన్న కబురు అందింది. డాక్టరు దగ్గర ఫారం నింపించాం, టీకాల కాగితం పెట్టాం. శాకాహారమంటే ఇక్కడ గుడ్డు కలిపేస్తారు కాబట్టి ఆ ముక్క విడిగా రాసిచ్చాం. ఓ చిన్న సీసాలో ఆవకాయ పెట్టబోతే అమ్మాయి వద్దంది. "రూమ్మేటుకు వాసన పడకపోతే?" అని దాని భయం. కందిపొడికి ఒప్పుకుంది. అక్కడ ఫోను సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ఒక్క గంటే ఇస్తారట. అప్పుడు విజయవాడలో తెల్లవారుజాము నాలుగున్నర. ఆ నెల రోజులూ అలారం పెట్టుకుని లేస్తానని అమ్మమ్మ ఇప్పటి నుంచే చెబుతోంది.